వంపు దగ్గర కుర్చీ

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి, ఒక పేజీ నిండాలంటే ఒక మధ్యాహ్నం పడుతుంది. తప్పులు కనిపిస్తే మీరే సరిచేసుకుని చదవండి. నేను నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదివితే ఇద్దరం కలిసి నడిచినట్టు ఉంటుంది.

నేను గుండీలు కుడతాను. బట్టల దుకాణం వాళ్ళు చొక్కాలు కుట్టి, కాజాలు వేసి, గుండీలకు మాత్రం ఇళ్ళకు పంపిస్తారు. ఆ పని మీదే వీధిలో నాకు గుండీలత్త అని పేరు పడింది. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా ఒళ్ళో చొక్కా పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మా అబ్బాయి అన్నం తింటూ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు.

"వచ్చే నెల నుంచి దాన్ని పని మానెయ్యమన్నానమ్మా."

దాన్ని అంటే మా కోడల్ని. ఆ అమ్మాయి వంటగదిలో గిన్నెలు తోముతోంది. కుళాయి చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

మా కోడలు మందుల కంపెనీలో మాత్రల పెట్టెలు కట్టే చోట పనిచేస్తుంది. ఈమధ్యే ఆమెను సూపర్‌వైజర్‌ను చేశారు. చీకటి పడ్డాక బస్సు ఆమెను పెద్ద రోడ్డు మీద దింపుతుంది. అక్కడి నుంచి మా వీధికి రావాలంటే వంపు దాటాలి. వంపులో ఒక పక్క గోడౌను గోడ, ఇంకో పక్క మూత లేని కాలువ. నడవడానికి వేరే జాగా లేదు. లారీలు హారన్ కొట్టకుండా తిరుగుతాయి. దీపం ఎప్పుడూ లేదు. అందుకని రోజూ మా అబ్బాయే బండి మీద వెళ్ళి తీసుకొస్తాడు. వచ్చే నెల నుంచి అతనికి సాయంత్రం డ్యూటీ.

"నేను వెళ్ళలేను. ఇంకెవరు వెళ్తారు? నువ్వు వెళ్తావా?" అని నవ్వి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ నవ్వు వాళ్ళ నాన్నది. ఆయన చెడ్డవాడు కాదు, నా మీద చెయ్యెత్తింది లేదు, తాగింది లేదు. కానీ దుకాణం యజమాని భార్య ఒకప్పుడు నన్ను సాయంత్రాలు అక్కడికే వచ్చి కాలర్లు కుట్టమని అడిగినప్పుడు, ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే, "చీకటి పడ్డాక ఆడదానికి బయటేం పనే?" అన్నారు. అంతే, మాట అయిపోయింది. కాలర్లు కుట్టేవాళ్ళు తర్వాత కటింగుకి వెళ్ళారు, కటింగు నుంచి సొంత మిషన్లకి వెళ్ళారు. నేను గుండీల దగ్గరే ఉండిపోయాను. అబ్బాయి ఆ మాట అన్న మధ్యాహ్నమంతా నాకు చెయ్యి ఆడలేదు. దారం ఎక్కిస్తే జారిపోతుంది, లేచి నీళ్ళు తాగుతాను, మళ్ళీ కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. పైకప్పు కారితే రేకు మారుస్తాం కానీ ఇంట్లోవాళ్ళని బయటికి పొమ్మనం కదా. మరి దారి బాగాలేకపోతే దారి సంగతి ఎవరికీ ఎందుకు తట్టదు? ఆడమనిషిని ఇంట్లో కూర్చోబెడితే దారి బాగైపోయినట్టేనా? మా అబ్బాయి ఈ మాట అన్నప్పుడు అతని మొహంలో కోపం కూడా లేదు. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. కోపం ఉంటే వాదించవచ్చు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయన పోయాక, పనంతా అయ్యాక నా పక్కన కూర్చుని, చొక్కా మెడ దగ్గరి చీటీల మీద అక్షరాలు చూపించి నాకు చదువు చెప్పింది ఈ కోడలే. ఆయన ఉండగా ఒకసారి నేర్చుకుంటానంటే, "ఈ వయసులో అక్షరాలెందుకే, గుండీల మీద రాస్తావా?" అని పడి పడి నవ్వారు. ఈ అమ్మాయి నవ్వలేదు. "అత్తయ్యా, తొందరేముంది, ఇవాళ 'మ' ఒక్కటే" అనేది.

పక్కింటి నర్సమ్మ ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీకి వెళ్తూ మా గుమ్మంలో ఆగింది.

"విన్నావా అత్తా? మున్సిపల్ కౌన్సిల్‌కి రోడ్లకీ వీధి దీపాలకీ డబ్బులొచ్చాయట. మన వంపుకి మాత్రం ఇవ్వరట."

"ఎందుకని?"

"చీకటి పడ్డాక ఇక్కడ ఆడవాళ్ళు నడవట్లేదట. లెక్కలో తేలిందట."

"ఎవరు పెట్టారే లెక్క?"

"వాళ్ళ మనిషి వచ్చి వంపులో కూర్చున్నాడట. పోయిన వారం."

పోయిన వారం అనగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పోయిన వారం ఒక సాయంత్రం గోడౌను గోడ పక్కన, చీకట్లో, ఎవరో మగమనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిడికిట్లో ఏదో పట్టుకుని ఉన్నాడు. మొదట చూసింది నర్సమ్మే. వెనక్కి తిరిగి వీధిలో అందరికీ ఫోన్లు చేసింది. నేను మా కోడలికి చేశాను. ఆ రోజు ఆడవాళ్ళంతా మార్కెట్ వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చారు, మా అబ్బాయి కూడా బండి అటే తిప్పాడు. మమ్మల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మనిషిని చూసి మేమంతా పారిపోయాం.

నర్సమ్మ గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "పోలీసుల్ని కూడా పిలుద్దామనుకున్నాను అత్తా" అంది. నాకూ నవ్వొచ్చింది కానీ, నవ్వు మధ్యలోనే ఆ ఆఫీసు ఎక్కడో అడిగి తెలుసుకున్నాను.

మర్నాడు గిన్నెలవీ అయ్యాక ఇస్త్రీ చీర కట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు. అక్కడ బల్ల దగ్గర గుమాస్తా నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా?" అన్నాడు.

"ఉన్నాడు నాయనా, పనికెళ్ళాడు. నాకు మాటలొచ్చు" అన్నాను.

చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఎందుకొచ్చానా అనిపించింది, వెళ్ళిపోదామని లేచాను కూడా. అప్పుడే ఇంజినీరమ్మ పిలిచింది. చిన్నపిల్ల, మా కోడలి వయసుంటుంది. నేను చెప్పింది వింటూ చేత్తో నోరు మూసుకుని నవ్వింది. తర్వాత ఆ చెయ్యి మొహం మీదే ఉండిపోయింది.

"నేనే పంపించానమ్మా అతన్ని. చీకట్లో కూర్చోమని కూడా నేనే చెప్పాను. అక్కడ లైటు పెట్టుకుని కూర్చుంటే అసలు సంగతి తెలియదని."

"అసలు సంగతి ఏమిటంటే, చీకటిగా ఉంది కనకనే మేం నడవం తల్లీ."

"నాకు తెలీదా? నేనూ ఇంటికి చుట్టుదారినే వెళ్తాను." ఆమె కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది. "కానీ డబ్బు తక్కువ, అడిగే వీధులు ఎక్కువ. నడిచేవాళ్ళు ఎక్కువున్న చోటికే ఇస్తామని మీటింగులో ఒప్పుకున్నారు. నడవనివాళ్ళని నేను ఎలా లెక్క చూపించను చెప్పండి?"

నేను బల్ల ముందు నుంచి కదల్లేదు. ఆమె కేలండరు ముందుకు లాక్కుంది.

"ఒక్కసారి మళ్ళీ పంపిస్తాను. ఎల్లుండి సాయంత్రం. అప్పుడూ ఇంతే అయితే ఈ ఏడాదికి ఇంక లేనట్టే."

"అతన్నే పంపించు. పక్కన నేను కూర్చుంటాను" అన్నాను. ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను.

ఇంట్లో చెప్పేసరికి మా అబ్బాయి చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"నీకేం పట్టిందమ్మా? రోడ్డు మీద కుర్చీ వేసుకుని, ఎవడి పక్కనో కూర్చుంటావా? నలుగురూ ఏమనుకుంటారు?"

పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ నలుగురి గురించి వింటున్నాను. ఒక్కరైనా నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. అన్నం వడ్డించాను, మంచినీళ్ళు పెట్టాను. పడుకోబోయే ముందు కోడలు నా మంచం దగ్గరికి వచ్చి, "నీలం కుర్చీ వద్దు అత్తయ్యా, దానికి కాలు ఊగుతోంది. చెక్కది తీసుకెళ్ళండి" అంది. గది తలుపు వెయ్యబోయి ఆగి, "నేను మానేస్తున్నానని విని, సూపర్‌వైజర్ పని ఇంకొకళ్ళకి నేర్పించమన్నారు కంపెనీలో. మానేదీ లేనిదీ రేపు చెప్తానన్నాను" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అటు తిరిగితే ఆయన మాట, ఇటు తిరిగితే కోడలి మాట.

మర్నాడు నర్సమ్మ చేత వీధిలో తెలిసినవాళ్ళకి కబురు చేయించాను. లెక్కపెట్టే రోజు సాయంత్రం చెక్క కుర్చీ మోసుకుని వంపు దగ్గరికి వెళ్ళాను. కౌన్సిల్ మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. ఈసారి అతనికి మెరిసే పసుపు కోటు వేసి పంపారు. పాపం, నన్ను చూసి అతనే లేచి నిలబడ్డాడు.

"పోయినసారి ఒకావిడ నన్ను చూసి చెప్పు తీసింది పెద్దమ్మా" అన్నాడు.

"కూర్చో నాయనా. ఇవాళ తియ్యరు."

అతని రెండు చేతుల్లో రెండు మిషన్లు ఉన్నాయి, నొక్కితే టక్కుమనేవి. నడిచేవాళ్ళకి కుడి చెయ్యి, బళ్ళకి ఎడమ చెయ్యి. నేను చొక్కా ఒళ్ళో వేసుకుని గుండీలు కుట్టడం మొదలుపెట్టాను. వెలుతురు పోయాక కూడా కుట్టాను, ఆ పనికి నాకు కళ్ళతో అవసరం లేదు. చేతులు ఊరికే ఉంటే లేచి ఇంటికి పారిపోతానేమోనని భయం.

మొదట ఎవరూ రాలేదు. పెద్ద రోడ్డు మీద బస్సులు ఆగుతున్న చప్పుడు, వెళ్తున్న చప్పుడు. తర్వాత నర్సమ్మ, తనతో పనిచేసే ఆయమ్మల్ని వెంటేసుకుని వచ్చింది. "అత్తా, ఇతనేనా మన పెళ్ళికొడుకు?" అని ఆట పట్టించింది. అతను తల వంచుకుని టక్కు టక్కుమని నొక్కుతూ పోయాడు. ట్యూషన్ టీచరు వచ్చింది. నన్ను చూసి ఆగి, "ఇక్కడేం చేస్తున్నారు?" అని అడిగింది. "లెక్కపెడుతున్నారు, నడువు" అన్నాను. ఎప్పుడూ గడప దాటని మూలింటి అవ్వ కూడా కర్ర పట్టుకుని వచ్చి వంపు దాటి, "ఇంకోసారి వెళ్ళి రానా?" అంది. "వద్దవ్వా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు అతను.

మధ్యలో ఒక లారీ వచ్చింది. అందరం గోడకి అతుక్కుపోయాం. దాని చక్రం గాలికి నా ఒళ్ళోని చొక్కా లేచి పడింది. ఎందుకొచ్చామో అప్పుడు ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత బళ్ళు ఎక్కువయ్యాయి. భర్తల వెనక, అన్నల వెనక, తండ్రుల వెనక కూర్చుని ఆడవాళ్ళు ఇళ్ళకి వస్తున్నారు. అతను ఎడమ చేత్తో నొక్కుతున్నాడు, కుడి చెయ్యి కదలడం లేదు.

"వెనక కూర్చున్న అమ్మాయిని నొక్కలేదేం?" అన్నాను.

"బండికి ఒక్కసారే పెద్దమ్మా."

"మరి ఆ అమ్మాయో?"

"బండిలో లెక్క. అలాగే చెప్పారు నాకు."

సూది నా వేలికి గుచ్చుకుంది. ఒక బండి, ఇంకో బండి, ఇంకోటి. ఒక్కోదాని వెనక ఒక్కో మొహం, సంచి గుండెలకి హత్తుకుని, ఇంట్లో ఏం వండాలో అనుకుంటూ. రోజంతా పనిచేసి వచ్చిన మనుషులు. వీళ్ళెవరూ ఇవాళ ఈ దారిన రానట్టే. ఇంజినీరమ్మ తప్పు కాదు, ఈ పసుపు కోటు అతని తప్పూ కాదు. అయినా నాకు గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

అప్పుడే మా బండి వచ్చింది. మా అబ్బాయి నా కుర్చీ ముందు ఆపాడు. వెనక కోడలు ఉంది.

"అయిందా నీ సరదా? పద ఇంక."

"నాన్నా, బండి మీద ఉంటే అమ్మాయిని లెక్కలోకి తీసుకోరట" అన్నాను.

"అయితే ఏం చెయ్యమంటావు?"

కోడలు నా వంక చూసింది. బండి దిగింది.

"ఏయ్, ఎక్కడికి?"

"ఇది పట్టుకోండి. డబ్బా మూత లూజుగా ఉంది, కారుతుంది" అని సంచి అతని చేతికిచ్చి, వచ్చిన దారినే వెనక్కి, వంపు మొదలయ్యే చోటికి నడిచింది. కాసేపటికి మనిషి కనపడలేదు, చెప్పుల చప్పుడే వినపడుతోంది. మా అబ్బాయి సంచి పట్టుకుని ఆ చీకట్లోకి చూస్తున్నాడు. రోజూ ఇదే దారిన బండి నడిపే మనిషి, అది ఎంత చీకటో మొదటిసారి చూస్తున్నట్టున్నాడు.

నేను పసుపు కోటు అతని వైపు తిరిగాను.

"నన్ను నొక్కావా నాయనా?"

"మీరు నడవలేదు కదా పెద్దమ్మా, కూర్చునే ఉన్నారు."

సూదిని చొక్కాకి గుచ్చి, చొక్కా కుర్చీలో పెట్టి, లేచాను.

"నువ్వెళ్ళి బియ్యం పొయ్యి మీద పెట్టు నాన్నా, మేం నడిచి వస్తాం" అని మా అబ్బాయికి చెప్పి, కోడలి వెనక చీకట్లోకి వెళ్ళాను.

గుండీలత్త. అరవై రెండేళ్ళు. వంపు దాటాక రెండో ఇల్లు. వంపులో దీపస్తంభానికి తవ్విన గుంత మా గుమ్మంలోంచి కనిపిస్తోంది, స్తంభం ఇంకా రాలేదు.