మూలన మెరిసిన మాట

ఏడోసారి కూడా నోటిఫికేషన్ తెర మూలన మెరిసి, అయిదు సెకన్లలో మాయమైంది. మాస్టారు కళ్ళు నులుముకుని మళ్ళీ మొదలుపెట్టారు.

ఆయన ఎవరికీ పాఠాలు చెప్పినవారు కాదు. ఆసుపత్రికి ప్రోగ్రాములు రాసే గదిలో అందరికన్నా పెద్దవారు కాబట్టి తోటివాళ్ళు పెట్టిన పేరది. పదహారేళ్ళుగా ఆయన పనల్లా ఒకటే: ల్యాబ్‌లో రిపోర్టు తయారవగానే వార్డు కంప్యూటర్‌లో ఆ కబురు కనిపించేలా చూడటం. ఒకే ప్రోగ్రాము మూడు రకాల కంప్యూటర్లలో నడవాలి. రెండు రకాల్లో నర్సు నొక్కేదాకా కబురు కదిలేది కాదు. మూడో రకం కంప్యూటర్ ఆడవాళ్ళ వార్డులో ఒక్కటే ఉంది. నిన్న ఓ బాలింత రక్తం రిపోర్టు దాంట్లో వచ్చిపోయింది. మూడు గంటలు ఆలస్యంగా రక్తం ఎక్కించారు. ఎలాగో గట్టెక్కింది.

"తప్పు నర్సుదే. సాయంత్రంలోగా రాసి పంపండి" అన్నారు పొద్దున మేనేజరు. మాస్టారు మోకాళ్ళు పట్టుకుని రెండంతస్తులెక్కి, ఆడవాళ్ళ వార్డుకొచ్చి ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

నర్సు కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "అవతల మంచం దగ్గర సెలైన్ పెడుతున్నాను సార్. వచ్చి చూస్తే ఏమీ లేదు. ఒట్టు."

"ఒట్టెందుకమ్మా? పొద్దుట్నుంచి చూస్తున్నాగా. నువ్వసలు కూర్చుందెప్పుడు?"

మధ్యాహ్నం మూడు దాటాక తప్పెక్కడుందో దొరికింది. ఈ రకం కంప్యూటర్‌కి 'అత్యవసరం' అని విడిగా చెప్పాలి. లేకపోతే ఏ కబురునైనా తనే తుడిచేస్తుంది. ఆయన ఆ ఒక్క ముక్కా చేర్చారు. నర్సు పద్నాలుగు మంచాలూ చుట్టి వచ్చింది. కబురు అక్కడే ఉంది.

"హమ్మయ్య" అంది ఆమె, రోజంతటిలో మొదటిసారి స్టూలు మీద కూలబడుతూ.

మాస్టారు మేనేజరుకి రెండే వాక్యాలు రాశారు. 'తప్పు నాది. నర్సుకి సంబంధం లేదు.' పంపాక ఒళ్ళంతా తేలికైనట్టూ, అరిగిపోయినట్టూ అనిపించింది.

"వస్తానమ్మా. నడుం వాల్చాలి."

అయిదింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని అద్దానికి తల ఆనించారు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక డ్రైవరు వచ్చి, "పెద్దాయనా, దిగాలి" అని భుజం తట్టాడు. ఆయన లేవలేదు.

మర్నాడు డ్యూటీకొచ్చిన నర్సుకి మాస్టారు పోయిన కబురు తెలిసేటప్పటికి వార్డు నిండా పని. కంప్యూటర్ ముందున్న కుర్చీ వీపుకి ఆయన నిన్న మర్చిపోయిన స్వెటర్ వేలాడుతోంది. కుడి మోచేతి దగ్గర ఎవరో ఓపిగ్గా, రంగు కలవని ఊలుతో, అల్లిన అతుకు ఉంది.