నాలుగేళ్లు ఇడిస్తే

వడ్రంగంలో వడ్ల గుర్వయ్య పనితనానికి వంక పెట్టినవాళ్లు ఆ ఊళ్లో లేరు. అతని కొలతను ఎగతాళి చేయనివాళ్లూ లేరు. పెరిగే పిల్లల కోసం ఏ వస్తువు చేసినా నాలుగు వేళ్లు ఎక్కువ వదిలేవాడు. మనవడికి పీట చెయ్యమంటే తాతకు సరిపోయే పీట వచ్చేది. "గిదేంది గుర్వయ్యా, పోరడు దీనిమీద కూసోవాల్నంటే నిచ్చెన గూడ నువ్వే చేసియ్యాలె" అని ఎవరైనా అంటే, అతను ఉలి పక్కన పెట్టి తన పాఠం అప్పజెప్పేవాడు. "నాలుగేళ్లు ఇడిస్తే నాలుగేండ్లొస్తది. పోరగాండ్లు పెరుగుతరు, చెక్క పెరుగదు." వేలును ఏలు అనే ఊరు కాబట్టి ఆ మాట అందరి నోటికీ భలే పట్టింది. గోలీలాడే పిల్లలు కూడా గోలీకి గోలీకి మధ్య నాలుగు వేళ్లు కొలుస్తూ ఆ మాటే పాడేవాళ్లు.

అలాంటి మనిషికి దేవుడు ఒక్కతే కూతుర్నిచ్చాడు, అదీ పెళ్లైన తొమ్మిదేళ్లకు. పేరు అండాలు. ఆమె పుట్టిన నెలలోనే పెరట్లో తవ్విస్తున్న బావిలో నీళ్లు పడ్డాయి. మూడు నెలలు రాయి కొట్టినా చుక్క రాని బావి, పురిటి స్నానం నాటికి ఊరింది. బిడ్డ కాలు మంచిదని ఊరంతా అన్నది. ఆ తర్వాత ఎన్ని కరువులొచ్చినా ఆ బావి ఎండలేదు. గుర్వయ్య దానికి 'అండాలు బాయి' అని పేరు పెట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాడు.

పిల్లకు ఎనిమిదో ఏడు వచ్చేసరికి మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం మొదలైంది. పదో ఏట నడుము ముందుకు వంగింది. పన్నెండు నిండుతుండగా, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకుని గానీ నడవలేని స్థితి వచ్చింది. ఊళ్లో అలాంటి పిల్లలు ఇంకో ఐదారుగురు ఉన్నారు. పెద్దవాళ్లలో సగం మందికి మెడ తిరగదు, వెనక్కి చూడాలంటే మనిషంతా తిరగాలి. చౌటుప్పల్ అంగడిలో పళ్ల మీది గోధుమరంగు చారలు చూసి వీళ్లు ఫలానా ఊరివాళ్లని చెప్పేసేవాళ్లు.

అరవై రెండులో పట్నం నుంచి ఒక డాక్టరు వచ్చి ఊరి బావుల నీళ్లు సీసాల్లో పట్టుకుపోయాడు. రెండు నెలలకు మళ్లీ వచ్చి, గుర్వయ్య అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పాడు. నీళ్లలో ఫ్లోరిన్ అనే గుణం ఉందన్నాడు. అది ఎముకలకు పడుతుందన్నాడు. వంగిన ఎముకను తిన్నగా చేసే మందు తన దగ్గర లేదనీ, వేరే నీళ్లు చూసుకోమనీ అన్నాడు. అన్ని బావుల కంటే ఆ పెరటి బావిలోనే అది ఎక్కువని చివర చెప్పాడు. గుర్వయ్య చెవిలో అది పడింది గాని కడుపులోకి దిగలేదు. మనిషి నమ్మదలుచుకోనప్పుడు బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా అంతే.

నమ్మింది అతని భార్య యాదలక్ష్మి. ఆ రోజు నుంచి రెండు మైళ్ల దూరాన ఉన్న కుంట నుంచి కూతురి కోసం వేరేగా కడవ మోసింది. మాఘం దాటేసరికి కుంటలో బురద మిగిలింది. మళ్లీ పెరటి బావే దిక్కైంది. తాగకపోతే బతకరు, తాగితే వంగుతారు. ఆ చేద తాడు పట్టుకున్నప్పుడల్లా ఆమె కళ్లు తుడుచుకునేది.

"గంత ఫికర్ పెట్టుకోకు" అనేవాడు గుర్వయ్య. "ఎదిగే ఈడు. మనిషి ఎదుగుతె కాళ్లు వాటంతటవే సక్కగైతయి. పచ్చికట్టెకు వంకరుండదా? ఆరంగ సక్కగైతలేదా?"

వడ్లపని చేసే మనిషి ఆ మాట ఎలా అన్నాడో! పచ్చికట్టె ఆరే కొద్దీ ఇంకా వంకర పోతుందని అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ ఏడు దసరాకు ముందు యాదలక్ష్మి మెల్లగా కదిపింది. "పిల్లకు పన్నెండు నిండుతున్నయి. రేపో మాపో పెద్దమనిషైతది. నలుగురు చుట్టాలొస్తరు. గా చిన్నర్ర జర మంచిగ జేద్దాం."

చిన్నర్ర అంటే అండాలు ఉయ్యాల దిగిన నాటి నుంచీ పడుకునే గది. గోడకు మోకాలెత్తున చిన్న గూడు, దాని నిండా తండ్రి చేసిచ్చిన కొయ్యబొమ్మలు, కీలు ఎడ్లబండి, తల ఊపే చిలక. నేలకు బెత్తెడు ఎత్తున చంటిపిల్లల మంచం. యాదలక్ష్మి అడిగింది గోడలకు సున్నం, అడుగున ఎర్రటి జాజు పట్టీ, బొమ్మలు తీసి బట్టలకు కాస్త జాగా. అంతే. గుర్వయ్య మాత్రం దాన్ని మొక్కులా నెత్తికెత్తుకున్నాడు.

బొమ్మల గూడును మట్టితో పూడ్చేశాడు. తన ఛాతీ ఎత్తున కొత్త గూడు తొలిచాడు. దానికంటే పైన ఓణీలు తగిలించుకోవడానికి చిలుకకొయ్యలు కొట్టాడు. నల్లగొండ నుంచి నిలువెత్తు కాకపోయినా మూరెడు అద్దం తెచ్చి, టేకు చట్రం కట్టి, తిన్నగా నిలబడ్డ ఆడపిల్ల ముఖం కనబడే ఎత్తున బిగించాడు.

యాదలక్ష్మి సున్నం కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అందదయ్యా పిల్లకు."

"అందొద్దనే పెట్టిన. అందుకోవాల్నని సాగుతది. సాగుతె సక్కగైతది."

"పోయినేడు లాడ్లీ బేగం కుట్టిన లంగ ఇయ్యేడు నేల ఊడుస్తాంది. సూసినవా? పిల్ల పెరుగుతాంటే లంగ మీదికి రావాలె గద అని ఆమె నన్నే అడుగవట్టె. నేనేం జెప్పాలె?"

"గుడ్డ సాగింది" అన్నాడు గుర్వయ్య.

యాదలక్ష్మి భర్త ముఖంలోకి చూసింది. ఆ సాయంత్రం సూదీ దారం తీసుకుని కూతురి లంగా అంచు లోపలికి మడిచి కుట్టింది.

దసరా నాడు పనిముట్లకు పూజ చేశాక, చిన్నర్ర దర్వాజ దగ్గర కూతుర్ని నిలబెట్టి తల ఎత్తున ఉలితో గీత కొట్టడం గుర్వయ్యకు అలవాటు. అండాలు నిలబడ్డం నేర్చిన ఏడాది నుంచీ గీతలున్నాయి. ఆ రోజు కూడా అండాలు వచ్చి వీపు ఆనించి, మోకాళ్ల మీది చేతులు తీసి, పళ్లు బిగబట్టి ఎంత నిలబడగలదో అంతా నిలబడింది. గుర్వయ్య ఆమె తల మీద చెక్కముక్క అడ్డంగా పెట్టాడు. ఆ చెక్కముక్క పోయినేటి గీతకు రెండు వేళ్లు కింద ఆగింది.

చెక్క సరిగ్గా పెట్టలేదేమోనని తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే. ముప్పై ఏళ్లుగా వెంట్రుకవాసి తప్పని చెయ్యి అతనిది. అప్పుడు గుర్వయ్య జీవితంలో మొదటిసారి తప్పుడు కొలత కొట్టాడు. పాత గీతకు రెండు వేళ్లు పైన ఉలి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

"ఎంత ఎదిగిన బాపూ?"

"రెండేళ్లు బిడ్డా."

అండాలు మెల్లగా తిరిగి గీతను చూసింది. అరచేతిని తన నెత్తి మీద పెట్టుకుని, అలాగే దర్వాజ దాకా జరిపింది. ఆ చెయ్యి ఎక్కడ తగిలిందో ఆమె చూసింది, అతనూ చూశాడు. చెయ్యి చప్పున దించేసుకుని, "మంచిగనె ఎదిగిన" అని నవ్వింది. పన్నెండేళ్ల పిల్ల తండ్రిని కాపాడింది. తల్లి వంటింట్లో ఉంది కాబట్టి ఈ సంగతి వాళ్లిద్దరి మధ్యే ఉండిపోయింది.

అయినా గుర్వయ్య ఆగలేదు. ఊళ్లో ఒక పాత భవంతి విప్పినప్పుడు దాచుకున్న టేకు చెక్కలు తీసి మంచం మొదలుపెట్టాడు. ఎవరి పనీ ముట్టుకోకుండా పన్నెండు రోజులు దానిమీదే కూర్చున్నాడు. మంచం నాలుగు కోళ్లకూ గజ్జెల వరసల్లాంటి నగిషీ చెక్కాడు. ఎత్తు దేనితో కొలిచాడంటే, దర్వాజ మీద తాను కొట్టిన ఆ అబద్ధపు గీతతో. దానికి తగ్గ ఎత్తు లెక్కగట్టి, పైన మళ్లీ నాలుగు వేళ్లు వదిలాడు. కొత్త నులక అల్లి, గది మధ్యలో వేసి, కూతుర్ని పిలిచాడు.

అండాలు మోకాళ్ల మీద చేతులతో గడప దాటింది. తెల్లటి గోడలు చూసింది, జాజు పట్టీ చూసింది. తల ఎంత ఎత్తగలదో అంత ఎత్తి అద్దంలోకి చూసింది. "మంచిగున్నది బాపూ. మస్తుగున్నది" అన్నది. మంచం ఎక్కబోయి రెండుసార్లు జారింది. గుర్వయ్య చంకల కింద చేతులేసి ఎత్తి కూర్చోబెట్టాడు. ఆమె పాదాలు గాల్లో ఉన్నాయి. యాదలక్ష్మి ఆ పాదాల కేసి చూసి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

దీపావళి దాటాక ఒక మధ్యాహ్నం గుర్వయ్య నులక బిగిద్దామని చిన్నర్రలోకి వెళ్లాడు. కొత్త నులక మీద పది రోజులు మనిషి పడుకుంటే నడుమ దిగుతుంది, కాళ్ల వైపు తాడు లాగి మళ్లీ బిగించాలి. వడ్లాయన తన మంచానికి తనే ఆ పని చేస్తాడు. తాడు మీద చెయ్యి వేశాడు. అల్లిన రోజు ఎంత బిగువుగా ఉందో అంతే ఉంది. నడుమ అరచేత్తో నొక్కాడు. ఎక్కడా దిగలేదు. దుప్పటి మాత్రం పడుకుని లేచినట్టు నలిగి ఉంది.

వంగి మంచం కిందికి చూశాడు. చాప చుట్ట, చాపలో చుట్టిన తలగడ.

గుర్వయ్య అక్కడే నేల మీద కూలబడ్డాడు. డాక్టరు చెప్పిన మాట, భార్య లంగా అంచు మడిచిన సంగతి, దర్వాజ మీద తను కొట్టిన తప్పుడు గీత, అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. రోజూ పొద్దున్నే ఆ దుప్పటి నలిపి పెట్టడానికి పిల్ల ఎంత తిప్పలు పడిందో తలుచుకుని, నోరు మూసుకుని ఏడ్చాడు.

బడి నుంచి వచ్చిన అండాలు దర్వాజ పట్టుకుని నిలబడింది. చాప బయటికి లాగి ఉండడం చూసి సంగతి గ్రహించింది.

"కింద పంటున్నవా బిడ్డా?"

"మంచం మంచిగనె ఉన్నది బాపూ. ఎక్కుడు దిగుడే కష్టమైతాంది."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు గంత మంచిగ జేసినవ్ గద" అన్నది అండాలు. తండ్రి ముఖం చూసి నవ్వించబోయింది. "అద్దం గూడ మస్తుగున్నది. అండ్ల జూసి మన ఇంటికప్పుకు ఎన్ని వాసాలున్నయో రోజు లెక్కబెడుతున్న."

గుర్వయ్య లేచాడు. అద్దం ఊడదీసి కిందికి దించాడు. నేల మీద కూర్చున్న కూతురి ముఖం అందులో నిండుగా కనబడే చోట మేకు కొట్టి బిగించాడు. అండాలు చాలా రోజులకు తన ముఖం చూసుకుని జడ ముందుకు వేసుకుంది. తర్వాత అతను పసుపుబట్టలో కట్టి పెట్టిన సన్నరంపం తెచ్చి, మంచాన్ని తలకిందులు చేశాడు. నాలుగు కోళ్లూ పైకి లేచాయి. కూతుర్ని దగ్గరికి పిలిచి, పాదం నుంచి మోకాలి మడత దాకా తాడుతో కొలిచాడు. ఈసారి ఎక్కువా తక్కువా లేకుండా ఎంత ఉందో అంతే కొలిచి, ఒక కోడు మీద బొగ్గుతో గీత పెట్టాడు.

అండాలు మోకాళ్ల మీద చేతులతోనే మంచం చుట్టూ వచ్చి ఆ గీతను పరీక్షగా చూసింది. వడ్లాయన కూతురు కదా, కొలత చూస్తే ఊరుకోలేదు.

"గంతనేనా కోసేది?"

"గంతే బిడ్డా. ఇప్పుడు నీకు గదే సరిపోతది."

"ఇప్పటికి సరిపోతది" అన్నది అండాలు. కుడిచేతి నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి, ఆ గీతకు ఆనించి, మంచం పట్టె వైపు అడ్డంగా పెట్టింది. "ఇంకో నాలుగేళ్లు కొయ్యి బాపూ. వచ్చేటేడు మళ్లా కొయ్యాల్నంటె నీకే తిప్పలు. ఇప్పుడే నాలుగేళ్లు కోస్తే నాలుగేండ్లొస్తది."

ఎగతాళి కాదు, ఏడుపూ కాదు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని తండ్రికి గుర్తు చేసినట్టు చెప్పింది. కట్టె లోపలి వంకర తనకు తెలిసినట్టే కూతురికి తన ఒంటి సంగతి తెలుసునని, తను దసరా నాడు దాచిందేదీ దాగలేదని గుర్వయ్యకు అప్పుడు అర్థమైంది. కాదని ఒక్క మాట అనాలని చూశాడు. ఆ మాట వదిలి బొగ్గుముక్క అందుకున్నాడు.

"అట్లనే బిడ్డా" అన్నాడు చివరికి.

ఆమె వేళ్ల కిందిఅంచు దగ్గర బొగ్గుగీత పెట్టి రంపం ఆనించాడు. గజ్జెల నగిషీ సగానికి తెగి, కోడు ముక్క నేల మీద పడింది. రెండోది పడింది, మూడోది పడింది. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి గుర్వయ్యకు కళ్లలో నీళ్లు తిరిగి గీత కనబడలేదు. రంపం పట్టుకుని అలాగే ఆగిపోయాడు. అండాలు నేల మీద కూర్చుని, కోడును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేలు గీత మీద ఆనించి, "గిక్కడ బాపూ" అని చూపించింది.