మలుపు దగ్గరి మనిషి

కోడుమూరులో మా కిరాణా అంగట్లో ఒక కట్టుబాటు ఉంది. వీధి మలుపు తిరిగిన మనిషిని, ఎదురంగడి గడప తొక్కకముందే వరస పెట్టి పిలవాలి. ఆ విద్య మా మామ కేశవయ్య కొడుక్కు నేర్పాడు, ఏడేళ్ళ మనవరాలు పద్మప్రియకూ నేర్పాడు. అది గడపలో కూర్చుని "రా పెద్దమ్మా, రా చిన్నాయనా" అని కేకేస్తే, నవ్వుకుంటూ మా వైపే వచ్చేవాళ్ళు. నేను మాత్రం లోపల తక్కెడ దగ్గరే ఉండేదాన్ని. కోడలు కేకలేస్తే బాగుండదని నేనే అన్నాను.

ఈ వేసవిలో పద్మ పిలవడం మానేసింది.

ఒక పొద్దున మా పాత గిరాకీ సుంకమ్మ ఎర్రచీర కట్టుకుని వస్తోంది. పద్మ అటే చూస్తూ ఊరకే కూర్చుంది. సుంకమ్మ గడప దాకా వచ్చి నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఏమే శెట్టి మనవరాలా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? పోయిన తూరీ ఇట్లనే చేస్తివి. ఎదురంగడాయన రాక్కా అంటాండాడు, ఆయన కాడికే పోదునా?"

మామ ముఖం చిన్నబోయింది. నేను లేచి వెళ్ళి పద్మ చెంప మీద కొట్టాను.

"కళ్ళు నెత్తికెక్కినాయా? పెద్దోళ్ళు కనపడరా?"

"ఎవరో నాకు తెలీలేదు మా."

"అబద్ధాలు గూడానా," అని ఇంకొకటి వేశాను. సుంకమ్మే అడ్డమొచ్చింది. "ఇడువు తల్లీ, తమాషాకంటి. పిల్లదాన్ని సంపుతావా యేంది."

మరునాడు పద్మ భయంతో మలుపులో ఎర్రగా ఏది కనపడినా "రా అవ్వా, సుంకమ్మవ్వా" అనసాగింది. అట్లా పిలిస్తే వచ్చినవాడు తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకున్న చిన్న ఈరన్న.

"ఏమప్పా శెట్టీ, మీ పాప నాకు చీర గట్టిచ్చెనే. రైక గూడా ఈడనే కొనల్లా?"

అందరూ నవ్వారు. పద్మ నవ్వలేదు. మళ్ళీ కొడతానేమోనని నా చేతివైపు చూసింది. అప్పుడు అర్థమైంది నాకు, దానికి దూరం ఆనడం లేదని.

వెంటనే ఆ కళ్ళ టీవీ గుర్తొచ్చింది. రాయచోటిలో కువైట్ సామాన్లమ్మే మా తమ్ముడు ప్రదీప్‌కుమార్ ఉగాదికి తెచ్చిచ్చాడు. నల్లటి లావుపాటి కళ్ళజోడు లాంటిది. తొడుక్కుంటే ఎదురుగా పెద్ద తెర ఉన్నట్టే బొమ్మలాడతాయి. "పసికళ్ళకు అంత దగ్గర యెందుకమ్మా, తీసి పెట్టు," అని మామ మొదటిరోజే అన్నాడు. సరేనన్నాను. కానీ మధ్యాహ్నాలు పద్మ తమ్ముడు, మా చంటివాడు నిద్రపోయే వేళ, పద్మ అల్లరి చేయకుండా తలుపు మూసి దానికి తొడిగేదాన్ని. నేనూ ఒక కునుకు తీసేదాన్ని.

పద్మ తలనొప్పి అంటోందని ఇంట్లో చెప్పి కర్నూలు తీసుకుపోయాను. కళ్ళ డాక్టరు దగ్గర మాత్రం తల దించుకుని ఉన్నదంతా చెప్పాను.

"దాన్ని మాన్పించండి. సాయంత్రాలు బయట ఆడుకోనీండి," అన్నాడాయన. "కానీ ఇంత పవరు రెండు నెలల్లో వచ్చేది కాదమ్మా. ముందునుంచే మెల్లగా పెరిగింటుంది. మీ ఇంట్లో ఎవరికైనా దూరం ఆనదా?"

"ఎవరికీ లేదు సార్."

"ఆ గోడ మీది క్యాలెండర్లో ఏ నెల ఉందో చెప్పండి."

కళ్ళు చిట్లించాను. ఆయన ఇంకేమీ అడగకుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇనుప చట్రంలో అద్దాలు మార్చి మార్చి పెట్టాడు. ఒక అద్దం పడేసరికి వరండా చివర బెంచీ మీదివాళ్ళకు ముఖాలు వచ్చాయి. ఒకామె నన్నే చూస్తోంది. ఇంత దూరం నుంచి మనుషులు ఒకరినొకరు ఇట్లా చూసుకుంటారా? దూరమంటే అందరికీ మసకేననుకున్నాను.

ఏడో తరగతిలో బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటున్నానని సారు బెత్తంతో కొట్టేవాడు. దీనికి చదువెక్కదని నాన్న మాన్పించాడు. మొద్దునని నేనూ నమ్మాను.

"మా, నీకు గూడానా?" అంది పద్మ. దాని చెంప వైపు చూడలేకపోయాను.

దానికి మాత్రం అద్దాలు చేయించాను. నావి తర్వాత చూద్దామన్నాను. కంటి లోపం దాచి పిల్లనిచ్చినారనే మాట మా పుట్టింటికి వస్తుంది.

అంగట్లో మామ మనవరాలి అద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాడు.

"ఆ టీవీ జేసిన పనే గదా ఇది?"

"తలుపేసి నేనే తొడిగిస్తాంటి మామా."

"నేను ఆ పొద్దే జెప్తి. మన ఇండ్లల్లో లేని జబ్బు, ఊరికే యాడ నుంచి వస్తాది? పోనీలే, దాన్ని మీ తమ్మునికే పంపీ."

ఆయన శనగలు తూయడానికి అటు తిరిగాడు. మలుపులో ఏదో కదిలింది.

"ఎవరమ్మా వాసవీ, వచ్చేది?"

పద్మ నోరు తెరిచి, నన్ను చూసి మూసుకుంది. నాకు కనపడదని దానికి తెలుసు. నన్నడిగినదానికి తను చెబితే, నాకెందుకు కనపడలేదని మామ అడుగుతాడనుకుంది. నా కోసం మళ్ళీ పొగరుబోతు అనిపించుకోవడానికి సిద్ధపడింది నా బిడ్డ.

"నాకు కనపడదు మామా," అన్నాను. "చిన్నప్పటి నుంచీ అంతే. పాపకు నా నుంచే వచ్చింటాది."

తక్కెడ పళ్ళెం మీద ఆయన చేయి ఆగిపోయింది.

"రా అవ్వా, సుంకమ్మవ్వా," అని కేకేసింది పద్మ.

సుంకమ్మ గడపలో వంగి దాని అద్దాల్లోకి తొంగిచూసింది. "ఈ పొద్దన్నా కనపడితినా తల్లీ?"

"నీ ముక్కుపుడక గూడా కనపడె."

మామ ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను తలెత్తకుండా శనగలు పొట్లం కట్టాను.