గానుగ సున్నం గోడ

"గోడ మళ్లీ బీటలిచ్చిందే," అన్నారు కాశీవిశ్వనాథం, పళ్లెం ముందు కూర్చుంటూ.

పార్వతీదేవి చారు వడ్డిస్తున్న గరిటె ఆపలేదు. ఆఫీసు కబుర్లు ఆయన అన్నంలో కలుపుకుని తింటారు. ఆమె వినాలి, మాట్లాడకూడదు. ఇరవై ఆరేళ్ల అలవాటు.

విజయనగరంలో ఆయన విత్తనాల కంపెనీకి కొత్త ఆఫీసు కడుతున్నారు. మొదట గీయించింది నిలువెత్తు అద్దాల మేడ. కిందటేడు హుద్‌హుద్ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేక అద్దె ఆఫీసులో గుమాస్తాలు బనీన్లతో కూర్చున్నాక, ఏసీ లేకపోయినా మనిషి బతికే భవనం కావాలన్నారు. ఆ మాట విని ఒక సాయంత్రం కాఫీ ఇస్తూ పార్వతీదేవి చెప్పింది. పాతపట్నంలో మా పుట్టిల్లు రోహిణీ కార్తెలోనూ చల్లగా ఉండేదండీ, పడమటి గోడ మందంగా కట్టి గానుగ సున్నం పూసేవారు, సున్నంలో బెల్లం, నానబెట్టిన కరక్కాయ నీళ్లు కలిపేవారు అని.

ఆయన టీవీ చూస్తూ ఊఁ కొట్టారు. మర్నాడు విశాఖ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు దీపిక ఈ భోజనాల బల్ల మీదే కాగితాలు పరిస్తే, "మా నాన్నగారు సెప్పీవోరమ్మా," అని మొత్తం అప్పజెప్పారు. అప్పడాల పళ్లెంతో గుమ్మంలో నిలబడిన పార్వతీదేవిని చూసి, "నువ్వేటి అలా నిలబడ్డావు? పెరుగు తే," అన్నారు. భూమిపూజలో పంతులుగారు సంకల్పానికి ఇద్దరి పేర్లూ చదివారు. దేవుడికి ఇద్దరూ కావాలి, ఆఫీసు కాగితానికి ఒక్కరు చాలా? అనుకుని, అంతలోనే లెంపలు వేసుకుందామె.

"మూడుసార్లు పూశారు, మూడుసార్లూ పగిలింది," అన్నారాయన ఇప్పుడు చారన్నం కలుపుతూ. " శుక్రవారంలోగా నిలవకపోతే మళ్లీ ఆ అద్దాల మేడే. డైరెక్టర్లు నవ్వతన్నారు. ఏటి మిగిలిపోయిందో సెప్పు. కరక్కాయ తక్కువైనాదా?"

ఆమె కళ్లముందు అమ్మ కనబడింది. సున్నం పూసి మేస్త్రీ వెళ్లిపోయాక, నారాయణమ్మ చీర చెంగు బిగించి, మహేంద్రతనయ ఏట్లో ఏరిన నున్నటి రాయి పట్టుకుని గోడ ముందు గొంతుక్కూర్చునేది. పక్కన పెద్దత్త, చిన్నత్త, పదేళ్ల తను. "సెమట పట్టాలే గోడకి, నీకు కాదు," అని నవ్వేది అమ్మ. రుద్దడం, తడిగోనెలు కప్పడం, మళ్లీ రుద్దడం, మధ్యలో పదిమందికి వంట, తులసికోట దగ్గర దీపం. మూడోనాటికి గోడలో దీపం నీడ కనబడేది. ఇంటికొచ్చినవాళ్లు చెయ్యి వేసి చూస్తే నాన్న మురిసిపోయేవాడు, "మా సున్నం అలాటిది," అని. సున్నమట! అమ్మ అరచేతుల బొబ్బలకి వెన్న రాసింది తనే. అలాంటి తనే కాఫీ ఇస్తూ చెప్పినప్పుడు సరుకులే చెప్పింది. చేతుల మాట చెప్పలేదు. అది చెప్పాల్సిన పనని తనకే తోచలేదు.

"సెప్తే వచ్చేది కాదండీ. రేపు నేనొస్తాను."

"నువ్వా? మేస్త్రీల మధ్య నీకేటి పని? మరి వంటో?"

"కుక్కర్లో బియ్యం పడేసి మూడు కూతలు లెక్కెట్టడమే. మీకు లెక్కలు బాగా వచ్చు కదా."

పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, పుట్టింటి నుంచి తెచ్చి దాచుకున్న నాలుగు నున్నటి రాళ్లు సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. మేస్త్రీ పోతురాజు కొత్తగా పూసిన గోడ ముందు ఆమె గొంతుక్కూర్చుంటే, "అమ్మా, పట్టుసీర పాడైపోతాది," అని కంగారుపడ్డాడు. "ఉతికేది నేనేలే," అందామె. ఎండ నెత్తికెక్కేసరికి కొంగు తడిసిపోయింది. రాయి పక్కన పెట్టి తడిమి చూసింది. అరచేతి కింద గోడ చెమరుస్తోంది. ఎక్కడా సన్నగీత కూడా లేదు.

దీపిక పక్కనే కూర్చుని రాసుకోవడానికి పుస్తకం తీసింది. వెనక నిలబడి చూస్తున్న కాశీవిశ్వనాథం వైపు తిరిగి, "సార్, అసలైన సంగతి ఇదే. మీ నాన్నగారు చెప్పలేదా?" అంది.

ఆయన భార్యకేసి చూశారు. ఇలాంటి చూపు పడ్డప్పుడల్లా ఏదో ఒక మాట అడ్డేసి ఆయన్ని కాచుకోవడం ఆమెకు తెలుసు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మా మావగారు గోడ ముట్టి ఎరగరమ్మా," అంది పార్వతీదేవి, మళ్లీ రాయి అందుకుంటూ. "ఇది మా అమ్మ పని. నారాయణమ్మ అని రాయండి. నలుగురు మనుషులు, మూడు రోజులు, వాళ్ల కూలీ రాయండి. ఇది ఊరికే అయ్యే పని కాదు."