మైత్రి ఆకలికి పచ్చదీపం

టాటానగర్ దగ్గర బారిడీహ్ కాలనీలోని ఆ ఇంట్లో ఎనిమిది నెలల మైత్రి తిండి టైంటేబుల్ ప్రకారం నడిచేది. నడిపేది తాత సన్యాసిరావు. అక్కడే గూడ్సు రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉదయం ఎనిమిదికి రాగి జావ, పదకొండుకు మెత్తగా మెదిపిన పప్పన్నం. పాప ముందే ఏడిస్తే గిన్నె కదలదు. నిద్రపోతుంటే లేపుతాడు. మూతి తిప్పుకుంటే బుగ్గలు నొక్కి మిగిలింది పెట్టేస్తాడు.

పాప బరువు మాత్రం పెరగడం లేదు. వండేది మంచిదే, పెట్టే తీరు మార్చుకోమంది తూకం వేసిన నర్సు. సన్యాసిరావు వినలేదు. కోడలు ఉజ్వలకు స్టేషన్‌లో టికెట్ల కౌంటర్ ఉద్యోగం. పాప కోసం పెట్టిన సెలవు నెలాఖరుతో అయిపోతుంది. అప్పటికీ పాప ఇలాగే ఉంటే ఉద్యోగం మానేస్తానని భర్తకు చెప్పేసింది. మామగారికి చెప్పలేకపోయింది.

ఒక ఉదయం పదింటికే పాప పిడికిలి చీకుతూ ఏడుపు మొదలెట్టింది. ఉజ్వల గిన్నె అందుకోబోతే సన్యాసిరావు అడ్డుపడ్డాడు.

"టైం కాకుండా బండి ఇడిసేత్తారేటమ్మా?"

"మావయ్యా, భూఖ్ లగీ హై ఉస్కో. ఆకలికి టైం ఏటి?"

గోడకు వేలాడుతున్న ఆయన డ్యూటీ నాటి చేతి దీపం పచ్చగా వెలిగింది. అందులోని బ్యాటరీలు ఏనాడో తీసేశారు. ఆయన భార్య అమ్మణ్ణి వంటింట్లోంచి తొంగి చూసింది.

"పచ్చ పడింది. ఇంకా ఆపితే నీకు చార్జిషీటే," అంటూ పప్పన్నం తెచ్చింది.

సర్వీసంతటిలో సన్యాసిరావు ఏ సిగ్నల్‌నూ కాదనలేదు. స్పూను అందుకున్నాడు. పాప ఆబగా తింది. సగం గిన్నె అయ్యాక మూతి తిప్పుకుంది. దీపం ఎర్రబడింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. మిగిలింది తానే తిని, చప్పగా ఉందన్నాడు. ఏడాది నిండని పిల్లకు ఉప్పు వెయ్యరని అమ్మణ్ణి గుర్తుచేసింది.

నాటి నుంచి దీపం చెప్పిందే వేళ అయింది. పక్కింటివాళ్లు అలాంటిది సాక్చీ బజారులో ఏ కొట్టులో దొరుకుతుందని అడిగి వెళ్లారు.

నెలాఖరున తూకం ముల్లు ముందుకు జరిగింది. మర్నాడు ఉజ్వల పాపకు కడుపునిండా పాలిచ్చి డ్యూటీకి వెళ్లింది. మధ్యాహ్నం కౌంటర్ ఖాళీ అయ్యాక ఫోన్ చేసి, దీపం ఇప్పుడు ఏ రంగులో ఉందని అడిగింది.

"నాను సూళ్లేదమ్మా," అన్నాడు సన్యాసిరావు. "ఉండు, పాప నోరు తెరిసింది."

ఫోన్ పెట్టేశాడు.