పురుగు ముట్టని పిండి

గౌరీశ్వరి అమ్మే చోడిపిండిలో, అదే రాగిపిండిలో, పురుగులు లుకలుకలాడుతున్నాయని పక్కింటి వరహాలమ్మ స్టీలు క్వార్టర్సంతా చెప్పుకొచ్చిందట. ఆ మాటని కొళాయి దగ్గర్నుంచి నీళ్ళబిందెతోబాటు మోసుకొచ్చింది అత్తగారు సన్యాసమ్మ.

“పెంట పిసికిన సేతుల్తోనే పిండి పట్టిందేటో అందట. నాను ముందే సెప్పినాను గాదేటి,” అని బిందె దించింది.

ఆ చోళ్ళు గౌరీశ్వరివే. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అచ్యుతాపురం మెట్టచెక్కలో పండినవి. యూరియాకి డబ్బులు దండగని మొగుడు ఇవ్వకపోతే, ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి తనే పశువుల గెత్తం ఎరువు తట్టలకెత్తి చల్లేది. తిరిగొస్తే అత్తగారు పెరటి గుమ్మంలోనే ఆపి, తలారా నీళ్ళు పోసుకుంటేగాని పొయ్యి ముట్టనిచ్చేది కాదు. పోర్టులో గుమాస్తా అయిన మొగుడు నీలకంఠం “ఏటీ కంపు” అని చాప వేరే గదిలో వేయించుకునేవాడు. మందులెయ్యని తిండికి పెద్దింటివాళ్ళలో గిరాకీ పెరుగుతోందని ఆఫీసులో ఎవరో చెప్పాక ఆ కంపుకి విలువొచ్చింది. పచ్చకాయితం మీద లేబులు అచ్చయి వచ్చింది: ‘మందు ముట్టని చోడిపిండి. నీలకంఠం అండ్ సన్స్.’ వాళ్ళకున్నది ఒక్క కూతురు. మైదా జిగురు ఉడకబెట్టి లేబుళ్ళు అంటిస్తూ, తన పేరు వెనకవైపైనా ఉందేమోనని గౌరీశ్వరి మొదటిరోజు కాయితం తిరగేసింది కూడా.

మందులేని గింజకి పురుగు పట్టక ఏం చేస్తుంది? వేపాకు వేసినా, బూడిద కలిపినా, ఎండబోసి జల్లించినా వానలు పడేసరికి పట్టింది. కొనేవాళ్ళకి మందూ ఉండకూడదు, పురుగూ ఉండకూడదు. పొట్లాలు వెనక్కొచ్చాయి. ఆ సాయంత్రమే నీలకంఠం పురుగులమందు, గమాక్సిన్ పొడి సంచి తెచ్చి చోళ్ళ డ్రమ్ము పక్కన పెట్టాడు.

“జల్లి కలిపీ. మరాడించే ముందు కడిగి ఆరబెట్టెయ్, సరిపోద్ది.”

“మరి లేబులో?”

“లేబులు లేబులే. అన్నట్టు, మన పిల్లకి మంచివి ముందే వేరే తీసి ఉంచు.”

వేరే తీసి ఉంచింది. మిగిలినవి మోచేతులదాకా ముంచి కలిపింది. కడిగింది, ఆరబోసింది, ఎన్ని నీళ్ళు మార్చినా ఆ ముక్కవాసన గోళ్ళలోంచి పోలేదు. అందరూ తిన్నాక కంచం ముందు కూర్చుని ముద్ద నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయింది. పెంటకంపుకి ఏనాడూ ఇలా కాలేదు. అది ఒళ్ళు కడుక్కుంటే పోయే కంపు. ఇది తన చేతిది కాదు, ‘మన పిల్లకి వేరే’ అన్న నోటిది. ఆ నోటికి ఇన్నేళ్ళూ వేడివేడిగా వడ్డించింది. ముద్ద కంచంలో వదిలేసి లేచింది.

ఆదివారం స్టీలు క్వార్టర్స్‌లో ఉండే ఇంజనీరుగారి భార్య తాయారు చంకలో పాపతో రిక్షా దిగింది. కృష్ణాజిల్లా నుంచి వచ్చినావిడ. పోయినసారి పురుగులున్నాయని పొట్లం తిప్పిపంపింది ఆవిడే. సన్యాసమ్మ కుర్చీ తుడిచింది. వరహాలమ్మ గోడమీంచి మెడ సాచింది. తాయారు పొట్లం విప్పి, పిండి అరచేతిలో పరిచి, వెలుగుకి పెట్టి చూసింది.

“ఒక్క పురుగు లేదండీ. ఇలా శుభ్రంగా ఉంటే నాలుగు కేజీలైనా తీసుకుంటాను. పాపకి రెండుపూటలా ఇదే పెడదామని.”

నీలకంఠం చేతులు నలుపుకున్నాడు. “మందన్న మాటే లేదమ్మగారూ. మా ఆవిణ్ణడగండి. అన్నీ తన సేతి మీదే.”

తాయారు నవ్వుతూ గౌరీశ్వరి వైపు తిరిగింది. “మీ పాపకీ ఇదేనాండీ?”

గౌరీశ్వరి ఆవిడ చేతిలోంచి పొట్లం తీసుకుంది.

“కాదండి. దీన్లో గమాక్సిన్ కలిపింది నానే, కలపమన్నది ఈయన. పురుగు ముట్టంది మా పిల్లకి మేం పెట్టం.”