ఆవులకు ఆత్మ లేదట

శనివారం వచ్చిందంటే హిల్లీకి రెండు రోజుల చాకిరీ ఒక్క పూటలో తెమలాలి. ఆ డచ్ పల్లెలో ఆదివారం పని చేయడం పాపం. ఆదివారం తినే బంగాళాదుంపలకు శనివారమే చెక్కు తీయాలి, చర్చికి వేసుకెళ్ళే బూట్లన్నీ శనివారమే తళతళలాడించాలి. పాపమేమో ఇంటిల్లిపాదికీ, దాన్ని తప్పించే చాకిరీ మాత్రం ఆమెకి.

మొగుడు హార్మ్ బూట్లు అయ్యాయి, అత్తగారివి అయ్యాయి. ఇక ఆరేళ్ళ కూతురు ఫెమ్మీవి. కుడికాలిది మామూలు బూటే. ఎడమదానికి మోకాలి దాకా రెండు ఇనప చువ్వలు, తోలు పట్టీలు. అది తుడిచినప్పుడల్లా హిల్లీ పళ్ళు నూరుకుంటుంది.

నాలుగేళ్ళ కిందట పోలియో వచ్చి ఆ పసిది మూడు రోజులు జ్వరంతో మూలిగింది. హార్మ్ మంచం పక్కన మోకరించి, "లోకం పుట్టకముందే దేవుడు నిర్ణయించిందే జరుగుతుంది, హిల్లీ. టీకాలూ చుక్కలూ అంటే ఆయన చేతికి అడ్డం పడటమే" అన్నాడు. ఆమె పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. కాలు పడిపోయాక చర్చి సంఘపెద్ద వచ్చి, కాఫీ తాగి, "తల్లిలో దాగిన పాపం ఏదైనా ఉందేమో, వెతుక్కో అమ్మా" అని ఓ సలహా పారేసి పోయాడు. వెతికింది, పిచ్చిది! పాలు పితుకుతూ వెతికింది, దుప్పట్లు ఉతుకుతూ వెతికింది. పెళ్ళికి ముందు ఓ ఆదివారం సైకిలు తొక్కడం తప్ప ఇంకేమీ దొరకలేదు. నిర్ణయం దేవుడిదట. పాపం ఆమెదట. రోజూ పొద్దున ఆ పట్టీలు బిగించి, రాత్రి విప్పి, ఒరుసుకుపోయిన చోట వెన్న రాయడం కూడా ఆమెదేనట. మరి హార్మ్‌ది ఏమిటయ్యా అంటే, మోకరించడం.

ఇప్పుడు ఆ రోగం మళ్ళీ ఊళ్ళోకి వచ్చింది. చర్చి వెనకింటి పిల్లకి మెడ నిలవడం లేదు. పక్క ఊరి బడిలో నర్సు చుక్కలు వేస్తోంది, ఇవాళ సాయంత్రం నాలుగింటి దాకానే. ఉయ్యాల తొట్టిలో పది నెలల కూప్ బొద్దు కాళ్ళు రెండూ ఎగరేసి తంతున్నాడు.

పశువుల కొట్టంలో మాటలు వినబడి హిల్లీ చేతిలో బూటుతోనే బయటికొచ్చింది. పశువుల డాక్టరు. హార్మ్ ఒక్కో ఆవు మెడా పట్టుకుంటున్నాడు, ఆయన సూది పొడుస్తున్నాడు. ఏటా వచ్చే డాక్టరే, ఏటా ఆమె కాఫీ ఇచ్చి పంపే డాక్టరే. ఇన్నేళ్ళూ నా కళ్ళు ఏమైపోయాయి, అనుకుంది.

"ఏం సూది అది?"

"గాలికుంటు టీకా. తెలీనట్టు అడుగుతావేం? డాక్టరు గారికి కాఫీ పెట్టు."

"ఆవుల విషయంలో దేవుడి చేతికి అడ్డం పడొచ్చా?"

డాక్టరు తలొంచుకుని సూది తుడుచుకున్నాడు.

"అది సర్కారు చట్టం. అయినా ఆవులకు ఆత్మ లేదు" అన్నాడు హార్మ్.

"అదృష్టవంతురాళ్ళు!"

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అరిచింది. "నోరు జాగ్రత్త! మొదటిదాని కాలు చూసైనా బుద్ధి రాలేదా నీకు?"

"ఇదిగో, ఇప్పుడే వచ్చింది అత్తయ్యా."

లోపలికెళ్ళి కూప్‌ని శాలువాలో చుట్టి, సైకిలు బుట్టలో కూర్చోబెట్టింది. గేటు దగ్గర హార్మ్ అడ్డంగా నిలబడ్డాడు. చంకలో ఇరికించుకున్న ఫెమ్మీ ఎడమ బూటు అతని చేతిలో పెట్టింది. నాలుగేళ్ళలో అతను దాన్ని పట్టుకోవడం అదే మొదలు. ఇంత బరువా అన్నట్టు చెయ్యి కిందికి జారింది.

"పాలిష్ కావాలి దానికి. దుంపలు కూడా సగమే అయ్యాయి."

"హిల్లీ, ఆలోచించుకో. రొట్టె, ద్రాక్షరసం అందుకోడానికి సంఘపెద్ద నిన్ను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వడు."

"రానివ్వకపోతే వెనక బల్ల మీద కూర్చుంటాను. నా కొడుకు మాత్రం నడిచి వస్తాడు."

"దేవుడి నిర్ణయాన్ని నువ్వు మారుస్తావా?"

"నేనెవర్ని మార్చడానికి? ఈ శనివారం మూడింటికి హిల్లీ సైకిలెక్కుతుందని లోకం పుట్టకముందే నిర్ణయించాడేమో! పక్కకు జరుగు, హార్మ్. ఆయన చేతికి అడ్డం పడుతున్నావు."